మార్కుల వరసలో పేపర్లు పంచకండి

యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్ది తెచ్చిన రోజు క్లాసులో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు ఒక్కొక్క పేరే పిలుస్తారు. సగం పేర్లయ్యాక, ఇంకా పిలుపు రాని పిల్లల మొహాలు చూడాలి. విశాఖలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన ఒక టీచరమ్మ ఈ పని ఎన్నడూ చేయలేదు. పేపరు రెండుగా మడిచి, రోల్ నంబరు వరసలో చేతికిచ్చేవారు.

దీన్ని జాలి అనుకుంటే పొరపాటు. ఇది బోధన. నవ్వులపాలవుతానని భయపడే పిల్లవాడు డౌట్ అడగడు. అడగకపోతే వాడికి ఏం రాదో టీచరుకు తెలియదు. ఐదో తరగతిలో అర్థంకాని భిన్నాలు పదో తరగతి ఆల్జీబ్రాలో బయటపడతాయి. అప్పుడు వాడికి మొద్దు అని పేరు పెడతాం.

జాలరిపేట పిల్లవాడు ఆలస్యంగా వస్తే ఆమె గుమ్మం దగ్గర నిలబెట్టేవారు కాదు. తెల్లారకముందే అమ్మతో హార్బరుకు వెళ్లొచ్చాడని ఆమెకు తెలుసు. ఓ రోజు చేపల బుట్ట ధర మీదే లెక్క ఇచ్చారు. వాడు నోటితో చెప్పేశాడు. ఫస్ట్ ర్యాంకరు ఇంకా గుణిస్తూనే ఉన్నాడు.

అరవై మంది ఉన్న క్లాసులో ఇవన్నీ కుదరవంటారు. సిలబస్ ఒత్తిడి, తల్లిదండ్రుల ర్యాంకుల టెన్షన్ నిజమే. కానీ పేపరు మడవడానికి ఎంతసేపు పడుతుంది? 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం చాలాచోట్ల మూలకు చేరింది. వెటకారం మాత్రం బోర్డు ముందే ఉంది.

ఆ వెటకారానికి ముందుగా దొరికేది యాస. ‘ఏటి సార్’ అంటే క్లాసంతా నవ్వుతుంది. ఒక్కోసారి ముందు నవ్వేది సారే. అదీ ఉత్తరాంధ్ర గడ్డ మీద! గిడుగు రామమూర్తి పంతులు ఈ వైపు మనిషే. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఫొటోకు దండ వేస్తాం. అదే రోజు వక్తృత్వ పోటీలో యాస దొర్లిన పిల్లకు మార్కులు కోస్తాం.

మన్యంలోని పాడేరు వైపు నుంచి వచ్చి నగరంలో హాస్టల్లో చేరిన ఒక పిల్ల నెల రోజులు నోరు విప్పలేదట. మీ ఇంట్లో పసుపును ఏమంటారని టీచరమ్మ అడిగారు. ఆ పిల్ల చెప్పిన మాట బోర్డు మీద రాసి, క్లాసందరి చేతా పలికించారు. ఎవరికీ సరిగ్గా నోరు తిరగలేదు. ఈసారి నవ్వింది ఆ పిల్ల.