పింక్ ఫ్లాయిడ్‌కు సర్వదర్శనం టోకెన్

తిరుపతిలో ప్రతిదానికీ ఒక వరస ఉంది. దర్శనానికి టోకెన్, గదికి క్యూ, లడ్డూకి కౌంటర్, గుండుకి చీటీ. సిఫార్సు లేఖకు కూడా ఒక క్రమం ఉంది: ఎవరి లేఖ, ఏ రోజుకు, ఎంతమందికి అని. ఇంత పద్ధతైన ఊళ్లో ఒక్క వ్యవహారం మాత్రం ఏ అదుపూ లేకుండా సాగుతోంది. క్లాసిక్ రాక్‌లో, అంటే అరవై, డెబ్బైల నాటి పాశ్చాత్య రాక్ బ్యాండ్ల సంగీతంలో, అన్నిటికన్నా గొప్ప ఆల్బం ఏది అన్న వాదన. బాలాజీ కాలనీ టీ బంకుల దగ్గర చీకటి పడ్డాక మొదలవుతుంది. బంకాయన బాయిలర్‌లో నీళ్లు ఒంపేసి, బల్ల మీద కూర్చున్నవాళ్లను లేపి, ఆ బల్లను కూడా లోపల పెట్టేదాకా నడుస్తుంది. తీర్పు వచ్చిన దాఖలా ఇంతవరకు లేదు.

ముందు గడియారం లెక్క చూద్దాం. పింక్ ఫ్లాయిడ్ 1973లో విడుదల చేసిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' మొత్తం నిడివి దాదాపు 43 నిమిషాలు. లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బం, 1971 నాటిది, ఇంచుమించు అంతే. బీటిల్స్ 1967లో తెచ్చిన 'సార్జంట్ పెప్పర్స్' 40 నిమిషాలు. మూడూ కలిపితే రెండు గంటల పైన ఓ పది నిమిషాలు కూడా ఉండవు. వాదన సగటున మూడు గంటలు. అంటే వాదించే సమయంలో మూడు ఆల్బంలూ మొదటినుంచి చివరిదాకా విని, మధ్యలో రెండుసార్లు టీ తాగి, ఇంటికి కూడా పోవచ్చు. ఆ పని ఎవరూ చేయడం లేదు కాబట్టే ఒక నియమావళి అవసరమైంది. ముసాయిదా ప్రజల పరిశీలనకు పెడుతున్నాం.

మాట్లాడే హక్కు కోరేవాడికి మొదట అర్హత పరీక్ష. "హోటల్ కాలిఫోర్నియాకు మించింది లేదు సామీ" అని బల్ల చరిచినవాణ్ణి వెంటనే అడగాలి: పాటా, ఆల్బమా? ఆల్బమే అంటే, అందులో రెండో పాట ఏది? తిరుపతి, చిత్తూరు జిల్లాల మొత్తంలో ఈ ప్రశ్నకు గొంతు తడారనివాడు అరుదు. ఈగల్స్ బ్యాండు 1976 డిసెంబరులో తెచ్చిన ఆ ఆల్బంలో తొమ్మిది అంశాలున్నాయి. రెండోది 'న్యూ కిడ్ ఇన్ టౌన్'. రికార్డు రెండో వైపు మొదలయ్యేది మాటల్లేని వాద్యంతో. మొదటి వైపు చివరి పాటనే తంత్రీ వాద్యాలతో మళ్లీ వినిపిస్తారు. ఇది తెలియనివాడు ఓటేస్తున్నది ఆరున్నర నిమిషాల పాటకు. అలాంటి ఓటును చెల్లని ఓట్ల డబ్బాలో వేసి, వాడి టీ డబ్బులు వాడి దగ్గరే వసూలు చేయాలి.

కొలమానాల విషయంలో మరీ అన్యాయం జరుగుతోంది. ఒకాయన అమ్మకాలు తీస్తాడు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 'డార్క్ సైడ్' 1973 నుంచి 1988 లోపల 741 వారాలు నిలిచిందని చెప్పి, ఇక మాటేముంది అన్నట్టు చూస్తాడు. అంకె నిజమే. కానీ అమ్మకాలే ప్రమాణమైతే ఈ ఊళ్లో పోటీకి లడ్డూ ఉంది, రోజుకు లక్షల్లో పోతుంది, పింక్ ఫ్లాయిడ్ పక్కకు తప్పుకోక తప్పదు. ఇంకొకాయన రోలింగ్ స్టోన్ పత్రిక 500 ఆల్బంల జాబితాను వేదంలా చదువుతాడు. 2003లో ఆ జాబితాలో మొదటి స్థానం 'సార్జంట్ పెప్పర్స్'ది. 2020లో కొత్తగా ఓట్లు వేయించి మళ్లీ రాస్తే అది 24కు జారింది. మొదటి స్థానానికి మార్విన్ గే 1971 ఆల్బం 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చింది. అది రాకే కాదు, సోల్ సంగీతం. ఆ రోజునుంచి వేదం అపౌరుషేయం కాదని, ఎవరో కూర్చుని రాసిందేనని మనవాళ్లకు జ్ఞానోదయమైంది.

అసలు సంగీతం జోలికి వచ్చేవాళ్లు తక్కువ. వస్తే ఈ ఊళ్లో తీర్పు చెప్పగలవాళ్లకు కొదవ లేదు, సంగీత కళాశాల పిల్లలున్నారు కదా. 'డార్క్ సైడ్'లో 'మనీ' అనే పాట ఉంది. నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు, కాగితం చింపిన శబ్దం, వీటిని టేపు మీదికెక్కించి, స్కేలుతో కొలిచి సమానంగా కత్తిరించి, అతికించి చుట్టలా తిప్పారు. పాటకు ఏడు దెబ్బలు. గిటార్ నేర్చుకునే కుర్రాడు దీన్ని ఎనిమిది అనుకుని కాలితో తాళం వేస్తాడు, రెండో ఆవృతానికి కాలు ఒకచోట, పాట ఒకచోట. మృదంగం వాయించేవాడికి ఈ బాధ లేదు. త-కి-ట, త-క-ది-మి. మిశ్రచాపు అని చెప్పి వడ తినడం మొదలుపెడతాడు. అయితే గిటార్ సోలో దగ్గర జాగ్రత్త. అక్కడ నాలుగు దెబ్బల నడకలోకి మారిపోతుంది, సోలో అయ్యాక మళ్లీ ఏడుకు వస్తుంది. ఈ రెండు మలుపులూ చేతితో తాళం వేసి చూపించగలిగినవాడికి పింక్ ఫ్లాయిడ్ తరఫున వాదించే అధికారం ఇవ్వాలి. మిగిలినవాళ్లు ఆ ఆల్బం అట్ట మీది పట్టకం బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని ప్రేక్షకులుగా కూర్చోవచ్చు.

ఇక 'స్మోక్ ఆన్ ది వాటర్' కేసు. చిత్తూరు, తిరుపతి ఇంజినీరింగ్ కాలేజీల వేదికలన్నిటి మీదా ఈ పాట మీద దాడి జరుగుతూనే ఉంది. డీప్ పర్పుల్ 1972లో తెచ్చిన 'మెషీన్ హెడ్'లోది. పాట పుట్టుక అందరూ చెప్పగలరు: 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మోంత్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ పేల్చాడు, కాసినో కాలిపోయింది, అక్కడ రికార్డింగుకు వచ్చిన డీప్ పర్పుల్ ఆ పొగ మీదే పాట కట్టింది. కథ బాగా వచ్చు, వాయించడమే రాదు. మనవాళ్లు ఆధారశ్రుతి కింద పెట్టి, పైన పంచమం కలిపి పిక్‌తో, అంటే తీగ మీటే బిళ్లతో, గీకుతారు. అది స-ప. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాయించింది తిరగేసి: పంచమం కింద, షడ్జం పైన, ప-స. పైగా పిక్ వాడలేదు, రెండు తీగల్నీ వేళ్లతో ఒకేసారి లాగాడు. పిక్‌తో గీస్తే ఒక తీగ వెంట్రుకవాసి ముందు, ఇంకోటి వెనక మోగి అంచు మొద్దుబారుతుంది. వేళ్లతో లాగితే రెండూ ఒక్క దెబ్బగా తెగిపడతాయి. తేడా అంతే. ఆ అంతే దగ్గరే యాభై ఏళ్లుగా జనం బోల్తా పడుతున్నారు.

వినే సాధనం సంగతి తేల్చకుండా డ్రమ్ముల గురించి మాట్లాడటం మీద నిషేధం పెట్టాలి. లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బంలో చివరి పాటకు జాన్ బోనమ్ డ్రమ్ములను హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మేడమెట్ల అడుగున పెట్టి, రెండు మైకులను పైన మెట్ల మలుపు దగ్గర వేలాడదీశారు. గోడలు, మెట్లు, ఎత్తు అన్నీ కలిసి ఆ మోత వచ్చింది. పెళ్లివాళ్లు ఇంకా రాని కల్యాణ మండపంలో డోలు ఒక్కసారి కొట్టి చూడండి, సగం అర్థమవుతుంది. ఆ పెద్ద డ్రమ్ములో కీలకమైన మోత వంద హెర్ట్జ్ కిందే ఉంటుంది. ఫోన్ స్పీకరు రెండు మూడు వందల హెర్ట్జ్ దిగితే చేతులెత్తేస్తుంది. స్టీలు గ్లాసులో ఫోన్ నిలబెట్టి "ఇనుండావా ఆ దెబ్బ!" అనేవాడు వింటున్నది గ్లాసును.

ఫోన్లో వినేవాళ్లకు ఇంకో రెండు పనులు తప్పనిసరి చేయాలి. షఫుల్ ఆపాలి, పాట మీద పాట కలిపే క్రాస్‌ఫేడ్‌ను సున్నాకు తేవాలి. 'డార్క్ సైడ్'లో ఒక పాటలోంచి ఇంకోటి పుడుతుంది. షఫుల్‌లో వింటే సుందరకాండ తర్వాత బాలకాండ చదివినట్టుంటుంది. పెద్దన్నలు దీనికి నవ్వుతారు గానీ వాళ్ల కేసెట్లూ నిర్దోషులు కావు. రెండు వైపులా టేపు నిడివి సరిపోవాలని కొన్ని కేసెట్లలో పాటల వరస మార్చేవారు. పెద్దన్న ముప్పై ఏళ్లుగా కన్నీళ్లు పెట్టుకుంటున్న వరస బ్యాండు పెట్టింది కాకపోవచ్చు.

ఎల్పీ రికార్డుల వర్గం వేరే. వీళ్లది వీఐపీ బ్రేక్. "ఒరిజినల్ ప్రెస్సింగ్ ఇంటివా?" అన్న ఒక్క ప్రశ్నతో, అంటే మొదటి విడత అచ్చయిన రికార్డే విన్నావా అని, క్యూ మొత్తాన్ని దాటుకుని ముందుకొస్తారు. వీళ్లను అడగాల్సింది గాడి గురించి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఆ వేగం మారదు. బయటి అంచులో ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి పోతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 చిల్లర. అదే సెకను సంగీతాన్ని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించాలి, అందుకే వైపు చివర్లో తాళాల మోత, 'స' శబ్దాలు బరబరమంటాయి. తెలిసిన నిర్మాతలు అక్కడ నెమ్మది పాట పెట్టేవారు. 180 గ్రాముల రికార్డు కొన్నానని తూకం చెప్పేవాడికి తెలియాల్సింది ఏమంటే, బరువుతో గాడి మారదు. మందంగా ఉంటుంది కాబట్టి వంగడం కాస్త తక్కువ, అంతే. వంగడం అంటే గుర్తొచ్చింది, ఈ ఊరి మే నెలలో రికార్డును కారులో వదిలి అరగంట పనిమీద పోతే, తిరిగొచ్చేసరికి అది అప్పడం. నిలువుగా, వాలకుండా, ఎండ తగలని గోడకు పెట్టాలి. ఒకదానిమీద ఒకటి పడుకోబెడితే కిందది పోతుంది.

రీమాస్టర్ (పాత రికార్డింగుకు కొత్తగా మెరుగులు దిద్దింది) మేలా, పాతది మేలా అన్న పంచాయతీకి ఒక్క షరతు చాలు: రెండింటి శబ్దం సమానం చేసి వినాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే బాగుందంటుంది. కొత్త రీమాస్టర్లలో చాలావాటిని గట్టిగా మోగేలా చేసి పంపారు, గెలుపు అక్కడే కొనేసుకున్నారు. అయినా ఈ విషయంలో తిరుపతివాళ్లను ఎవరూ భయపెట్టలేరు. ఇక్కడి ఒరిజినల్ ప్రెస్సింగ్ రాగి మీద ఉంది. అన్నమయ్య కీర్తనలకు రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం ఇవాళ పాడుకునే బాణీల్లో చాలావరకు గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టినవి. రీమాస్టరే మూలమై కూర్చున్న ఊరు ఇది. 2011 ఎడిషనా, 1973 ఎడిషనా అని ఇక్కడ కొట్టుకోవడం చూసి రాగిరేకులు నవ్వుకుంటాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవాళ్లు కచేరీ సాక్షులు. తిరుపతినుంచి బెంగళూరు 250 కిలోమీటర్లు. చిత్తూరు, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు, కోలారు. ఆ దారిన పోయి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ బ్యాండును చూశామని చెప్పేవాళ్లందరినీ కూడితే ఆ మైదానం హోసకోట దాకా ఉండాలి. వీళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేయక తప్పదు. తేదీ అడగండి, మొదటిసారైతే 2007 మార్చి 17. రోలింగ్ స్టోన్స్ అంటే 2003 ఏప్రిల్, బెంగళూరు, ముంబై, ఇంకే ఊరూ లేదు. "మా మామ బీటిల్స్‌ని మద్రాసులో చూసినాడు" అంటే మామను పిలిపించాలి. బీటిల్స్ 1966లో ఢిల్లీలో దిగారు, 1968లో రిషికేశ్‌లో ధ్యానం చేశారు, ఇండియాలో కచేరీ మాత్రం ఇవ్వలేదు.

దొంగ సాక్షికి వల కావాలంటే మెటాలికా బ్యాండు ఉంది. మామూలుగా, తల తిప్పకుండా అడగాలి.

"అన్నా, 2011లో మెటాలికా గుర్గావ్‌లో బాగుండిందా, బెంగళూరులోనా?"

"గుర్గావ్‌దే రా. జనమే జనం."

జనం ఉన్న మాట నిజం. కచేరీయే లేదు. గుర్గావ్‌లో రద్దయింది, అక్టోబరు 30న బెంగళూరులో జరిగింది. ఇక్కడితో అన్న వాంగ్మూలం ముగిసినట్టు నమోదు చేయాలి.

నిజంగా పోయినవాణ్ణి పట్టుకునే పరీక్ష ఇంకొకటుంది. డ్రమ్ము కర్ర పడటం, చప్పుడు వినపడటం ఒకేసారి జరిగాయా అని అడగాలి. శబ్దం సెకనుకు 340 మీటర్ల చిల్లర పోతుంది. వేదికకు 150 మీటర్ల దూరాన నిలబడి, దగ్గర్లో వేరే స్పీకర్ల స్తంభం లేకపోతే, కర్ర పడ్డాక దాదాపు అర సెకనుకు దెబ్బ చేరుతుంది. వెనకవాళ్ల చప్పట్లు ఎప్పుడూ పాటకు వెనకబడేది అందుకే. "అంతా పర్‌ఫెక్ట్‌గా కలిసింది" అన్నవాడు యూట్యూబ్‌లో చూశాడు. "ముందు వరసలో ఉంటిని, గొంతు సరిగా ఇనపళ్ళా, డ్రమ్సే ఇనపడె" అన్నవాణ్ణి నమ్మొచ్చు. మరీ ముందు నిలబడితే పెద్ద స్పీకర్ల శబ్దం తల మీదుగా, పక్కల నుంచి పోతుంది. సరిగా వినపడే చోటు మైదానం మధ్యలో సౌండ్ మిక్సింగ్ బల్ల దగ్గర, అక్కడ నిలబడ్డానని గొప్ప చెప్పుకునేవాడు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు.

ముసాయిదా మీద అభ్యంతరాలు స్వీకరించగా ఒకటే వచ్చింది, అదీ బంకాయన దగ్గర్నుంచి. పోటీలో ఆయన ఒక రికార్డును చేర్చమంటున్నాడు. 1963లో హెచ్‌ఎంవీ విడుదల చేసింది, పాడినది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం, ఇరవై నిమిషాల పైచిలుకు. తెల్లారుజామున బాయిలర్ ముట్టించగానే పెడతాడు, ఏ రోజూ షఫుల్ చేయలేదు, మధ్యలో ఆపలేదు, రీమాస్టరో కాదో ఆయనకు తెలియదు. ఊళ్లో ఇన్ని ఇళ్లలో, ఇన్ని బంకుల్లో రోజూ మొదటినుంచి చివరిదాకా మోగే ఆల్బం ఇంకోటి ఉంటే చూపించమన్నాడు.

అది రాక్ కాదని పింక్ ఫ్లాయిడ్ వర్గం లేచింది. 2020 జాబితాలో మొదటిదీ రాక్ కాదు కదా అని మృదంగం కుర్రాడు వడ నములుతూ అన్నాడు. బల్ల లోపల పెట్టబోయిన బంకాయన దాన్ని మళ్లీ బయటికి లాగి, ఎన్ని టీలు అని అడిగాడు.