లొటక్

నిన్న పొద్దున విజయవాడ ఆటోనగర్‌లో పదిమంది కలిసి నన్ను ఒక కారు నుంచి కాపాడారు. ఆ కారు నాదే.

2015 మోడల్ బండి. నెల కిందట ముందు ఎడమ చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఏసీ గదిలో టై కట్టుకున్న అబ్బాయి "ఎలాంటి సౌండ్ సార్?" అన్నాడు.

"టకటక కాదు, గడగడ కాదు. లొటక్. గుంతలో పడ్డప్పుడల్లా లొటక్, లొటక్" అని నోటితో చేసి చూపించాను. పక్క కుర్చీలో ఆవిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఇంత కచేరీ చేస్తే అతను కార్డులో 'ఫ్రంట్ నాయిస్' అని రెండు ముక్కలు రాసుకున్నాడు. సాయంత్రానికి ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చి 11,600 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు.

గేటు దాటానో లేదో, లొటక్. వెనక్కి తిప్పాను. వాళ్ళ ఆవరణలోని స్పీడ్ బ్రేకర్ మీద మూడుసార్లు ఎక్కించి దించి, "రావట్లేదు సార్" అన్నారు. నిజంగానే రాలేదు. నా బండి అత్తారింట్లో కొత్త అల్లుడిలా బుద్ధిగా నడిచింది.

ఆటోనగర్ మేస్త్రి ఇదంతా విని నవ్వాడు. "స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తాయి కదండీ, అప్పుడు ఆ రెండిటినీ కలిపే యాంటీ రోల్ బార్‌కి పనుండదు. ఒక్క చక్రం గుంతలో దిగితే బార్ మెలిపడుద్ది, దాన్ని చక్రం వైపు కలిపే లింక్ రాడ్ మీద లోడు పడుద్ది. దాని జాయింటు అరిగుంటే అప్పుడే కొడుద్ది." ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకి టై కూడా అక్కర్లేకపోయింది.

ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు టీకి పోయాడట. "నేను మెల్లగా పోనిస్తా, మీరు పక్కనే వంగి చెవి పెట్టి రండి" అన్నాడు మేస్త్రి. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

కుడిచెయ్యి ఎడమ కిటికీలోంచి లోపలికి పెట్టి డోరు పట్టుకున్నాను. నడుం వంచి, తల చక్రం వైపు సాచి, చెప్పులు టపటపలాడిస్తూ కారుతోపాటు పరుగు. మొదటి గుంత, లొటక్. రెండో గుంత, లొటక్. నెల రోజుల తర్వాత నా మాట నిజమైన ఆనందంలో "వస్తోంది, వస్తోంది!" అని అరిచాను. లారీ హారన్ల మధ్య అది "చస్తున్నా, చస్తున్నా" అని వినపడిందని ఒక ఆటో డ్రైవర్ తర్వాత చెప్పాడు.

అతనే ఆటో అడ్డంపెట్టి మేస్త్రి కాలర్ పట్టుకున్నాడు. "మనిషి చెయ్యి డోర్లో ఇరుక్కుంటే ఈడ్చుకుపోతావా?" ఈలోగా ఒకాయన నా నెత్తిన నీళ్ళు కుమ్మరించాడు. ఇంకొకాయన చెప్పులు రెండూ వెతికి తెచ్చాడు. ఒక కుర్రాడు వీడియో తీస్తున్నాడు.

"నేనే చెవి పెట్టానండీ, సౌండ్ కోసం" అన్నాను.

"ఏం సౌండ్?"

తడిసిన చొక్కాతో, నడిరోడ్డు మీద, మళ్ళీ "లొటక్" అన్నాను.

అంతే, మేస్త్రి కాలర్ వదిలేశారు. ఆటోనగర్ కదా! "లోయర్ ఆర్మ్ బుష్" అన్నాడొకడు. "స్ట్రట్ మౌంట్ పోయుంటది" అన్నాడింకొకడు. "బ్రేకు మీద కాలు ఆనించి చూడండి, ఆగిపోతే ప్యాడ్లు వదులు" అన్నాడు ఆటో డ్రైవర్. నీళ్ళు పోసినాయన దగ్గరికొచ్చి, "మళ్ళీ అనండి సార్. 'ట' దగ్గర గట్టిగా ఉందా, 'క్' దగ్గరా?" అని అడిగాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో నా మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. ఐదారుసార్లు అన్నాను. వీడియో తీసేవాడు దగ్గరికి జరిగాడు.

లింక్ రాడ్లే. రెండూ మార్చినందుకు, కూలీతో కలిపి 1,500. అరగంట పని.

ఇంటికొస్తుంటే ఫోన్. పక్కకి ఆపి ఎత్తాను. "సార్, మా సర్వీసుకి పదికి ఎన్ని మార్కులిస్తారు? తొమ్మిదిచ్చినా మాకు ఫెయిలే సార్."

"సున్నా" అన్నాను.

"అయ్యో! మీ సమస్య ఏంటో వివరంగా చెప్తారా సార్?"

"లొటక్" అన్నాను.

"సార్?"

"లొటక్. లొటక్."

"హలో, హలో... సార్, మీ వాయిస్ కట్ కట్ అవుతోంది."