పేరు పక్కన కులం పైకి చదివితే

ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లా పల్లెల్లో 2003లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత చిక్కుదారి పజిళ్లు చేయించారు. పిల్లల పత్రికల్లో ‘దారి కనుక్కోండి’ అంటూ అచ్చయ్యే బొమ్మల వంటివే అవి. అగ్రకులాల పిల్లలు 321 మంది, దళిత పిల్లలు 321 మంది ఇందులో పాల్గొన్నారు. ఆరుగురేసి చొప్పున కూర్చోబెట్టి, పావుగంట గడువు పెట్టి, దారి కనుక్కున్న ఒక్కో పజిల్‌కు రూపాయి ఇస్తామన్నారు. కులం ఊసెత్తకుండా ఆడించిన బృందాల్లో రెండు వర్గాల పిల్లలూ సమానంగా చేశారు. మరికొన్ని బృందాల్లో మాత్రం ఆటకు ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం పైకి చదివి, నిజమేనని తలూపించారు. ఆ తర్వాత దళిత పిల్లలు పూర్తిచేసిన పజిళ్ల సంఖ్య సుమారు 20 నుంచి 25 శాతం మేర తగ్గింది. తన కులమేమిటో ఆ పిల్లవాడికి అప్పుడే కొత్తగా తెలిసిందేమీ కాదు. బహుమతి ఇచ్చే స్థానంలో ఉన్న పెద్దమనిషి దాన్ని నలుగురి ముందు పైకి చదవడమొక్కటే కొత్తగా జరిగింది.

ఈ ప్రయోగాన్ని తలచుకునేవారు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు విషయం ఆ తర్వాతి మెట్టులో ఉంది. కొన్ని బృందాల్లో పరిశోధకులు షరతు మార్చి, ఆరుగురిలో ఎవరికి డబ్బు దక్కాలో లాటరీ తీసి తేలుస్తామన్నారు. కులం పైకి చదివినా సరే, అక్కడ పిల్లల మధ్య అంతరం కనిపించలేదు. అంటే ఆ పిల్లల తెలివి ఎక్కడికీ పోలేదు, ‘మేం తక్కువవాళ్లం’ అన్న భావన వాళ్ల చేతుల్ని కట్టేయనూ లేదు. ప్రతిఫలం మరో మనిషి చేతిలో ఉన్నప్పుడు, నా కులం తెలిసిన ఆ మనిషి నాకు న్యాయం చేస్తాడా అన్న అనుమానమే కష్టపడాలన్న ఉత్సాహాన్ని చంపేసిందని పరిశోధకులు భావించారు. ఒకే కులం పిల్లల్ని వేరుచేసి కూర్చోబెట్టినప్పుడు అగ్రకుల పిల్లల పనితీరు కూడా తగ్గిందని వారు 2014లో ప్రచురించిన పత్రంలో వివరించారు. ఎలాగూ పైవరసలోనే ఉన్నామన్న ధీమా కూడా శ్రమను తగ్గిస్తుందన్నమాట.

పన్నెండేళ్ల పిల్లవాడి మనసులోని ఆ అనుమానాన్ని ఆత్మన్యూనత అని కొట్టిపారేయడం సులభం. కానీ అది నిరాధారమైన అనుమానమా? రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే పిల్లలకు పరీక్ష పెట్టి, ఆ జవాబు పత్రాల నకళ్లను ఉపాధ్యాయుల చేత దిద్దించారు. పత్రం మీద రాసిన పేరు, వయసు, కులం వంటి వివరాలు నిజమైనవి కావు. ఏ పత్రానికి ఏ వివరాలు చేరాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. నిమ్నకులం పేరు పడిన పత్రాలకు, అవే జవాబులు ఉన్నా, తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడా చిన్నదేనని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అయితే ఏడాది పొడవునా, ప్రతి పరీక్షలో, ప్రతి సబ్జెక్టులో అలాంటి చిన్న తేడాలు పేరుకుపోతే ఏమవుతుందో ఊహించడానికి గణితశాస్త్రం అక్కర్లేదు. పైగా ఆ తేడాకు అగ్రకుల ఉపాధ్యాయులే కారణమని కూడా ఆ అధ్యయనం తేల్చలేదు. అది ప్రధానంగా నిమ్నకులాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులు దిద్దిన పత్రాల్లోనే కనిపించింది. వివక్షను దుర్మార్గుల పనిగా మాత్రమే చూసే అలవాటును మనం మానుకోవాలని ఈ ఒక్క అంశమే చెబుతోంది.

అమెరికాలో ఈ పరిశోధనలకు 1995 ఒక మైలురాయి. క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి, తెల్లజాతి విద్యార్థులకు కఠినమైన భాషా ప్రశ్నలు ఇచ్చారు. ‘ఇది మీ సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష’ అని చెప్పినప్పుడు, ప్రవేశ పరీక్షలో అంతే మార్కులు తెచ్చుకున్న తెల్లజాతి విద్యార్థులకన్నా నల్లజాతి విద్యార్థులు వెనుకబడ్డారు. సామర్థ్యంతో సంబంధం లేని అభ్యాసమని చెప్పినప్పుడు ఆ తేడా లేకుండా పోయింది. తమ వర్గం మీద సమాజం వేసిన చెడ్డముద్రను నిజం చేస్తామేమోనన్న భయమే పనితీరును దెబ్బతీస్తుందన్న ఈ సిద్ధాంతం పాఠ్యపుస్తకాల్లోకి, శిక్షణ తరగతుల్లోకి, కోర్టు వాదనల్లోకి కూడా వెళ్లింది. అయితే తర్వాతి కాలంలో దీనిమీద గట్టి సందేహాలు వచ్చాయి. నెదర్లాండ్స్‌లో రెండు వేల మందికి పైగా పాఠశాల విద్యార్థులతో 2018లో చేసిన అధ్యయనంలో, గణితంలో ఆడపిల్లల విషయంలో ఈ ప్రభావం కనిపించలేదు. అంతకు ముందు 2015లో మనస్తత్వశాస్త్రంలోని 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, సుమారు మూడో వంతు మాత్రమే మొదటి ఫలితాన్ని నిలబెట్టుకున్నాయి. ఈ విషయాలు దాచిపెట్టి, మనకు నచ్చిన ప్రయోగాన్ని మాత్రమే ఎత్తి చూపడం పాఠకులకు చేసే అన్యాయం. ప్రయోగశాలలోని మాట ఏ తరగతి గదికైనా అదే తీరున వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హర్దోయ్ ఫలితాన్ని కూడా ఆ వినయంతోనే చదవాలి.

తెలుగునాట వ్యక్తిత్వ వికాసం పేరిట సాగుతున్న ఉపన్యాసాలను, శిబిరాలను ఈ దృష్టితోనే పరిశీలించాలని మేము కోరుతున్నాం. నమ్మకం ఉంటే చాలు, ఏదైనా సాధించవచ్చన్నది అక్కడ వినిపించే ప్రధాన బోధ. దానికి తరచూ స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు కెరోల్ డ్వెక్ పేరును ఆసరాగా తెచ్చుకుంటారు. తెలివితేటలు పుట్టుకతో గీసిన గీత కావు, అభ్యాసంతో పెరుగుతాయన్న నమ్మకం పిల్లల చదువుకు తోడ్పడుతుందని ఆమె వాదన. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో ఈ వాదనను పరీక్షించి 2019లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. గంటకు మించని ఆన్‌లైన్ పాఠంతో చదువులో వెనుకబడిన పిల్లల సగటు గ్రేడు స్వల్పంగా పెరిగింది. ఆ మేలు అన్ని బడుల్లోనూ ఒకేలా కనిపించలేదు. కష్టమైన లెక్కను ఎంచుకున్న తోటి విద్యార్థిని వెక్కిరించకుండా మెచ్చుకునే వాతావరణం ఉన్నచోటే అది మార్కుల్లోకి వచ్చింది. నమ్మకం మొలకెత్తడానికి కూడా తడి ఉన్న నేల కావాలి. ఆ నేల సంగతి పక్కనపెట్టి, ఫెయిలైన పిల్లవాడితో ‘నీకు నమ్మకం చాలలేదు’ అనడం క్రూరత్వం.

పరిస్థితి మారితే నమ్మకం దానంతటదే మారుతుందనడానికి మన దేశంలోనే బలమైన సాక్ష్యం ఉంది. పశ్చిమ బెంగాల్‌లో పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు మహిళలకు కేటాయించినప్పుడు, ఏ గ్రామం వంతు ఎప్పుడొస్తుందన్నది లాటరీ తరహాలో నిర్ణయమైంది. పరిశోధకులకు ఇది సహజంగా అమరిన ప్రయోగమైంది. లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో, రోహిణీ పాండే, పెటియా టొపలోవా 495 గ్రామాల్లో కుటుంబాలను కలిసి, 2012లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు వెల్లడించారు. రెండు విడతలు మహిళా అధ్యక్షురాలు ఉన్న గ్రామాల్లో, కొడుకు భవిష్యత్తు మీద, కూతురు భవిష్యత్తు మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా 25 శాతం తగ్గింది. పిల్లలు తమ గురించి తాము పెట్టుకునే ఆశల్లో అది 32 శాతం తగ్గింది. చదువులో ఆడపిల్లలకు, మగపిల్లలకు మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది. ఆడపిల్లలు ఇంటిపనికి వెచ్చించే సమయం కూడా తగ్గింది. ఎవరూ వారికి ఆత్మవిశ్వాస శిక్షణ ఇవ్వలేదు. ఊరి పెద్ద కుర్చీలో ఒక స్త్రీ ఏళ్ల తరబడి కూర్చోవడం వాళ్లు చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో స్థానిక సంస్థల పదవుల్లో సగం మహిళలకు కేటాయించాం. భార్య పేరుతో భర్త పెత్తనం చేసే చోట మాత్రం ఆడపిల్ల చూసేది ఆ భర్తనే. అందుకే సర్పంచి భర్త పెత్తనం పాలనా లోపమని సరిపెట్టుకోవడం చాలదు. అది ఎదిగే ఆడపిల్లల ఆశను నేరుగా తుంచేసే పని.

మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు శిఖరం ఎక్కినప్పుడు తెలుగు ప్రజలంతా సంబరపడ్డారు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. ఆ విజయాన్ని సంకల్పబలానికి ఉదాహరణగా మాత్రమే చెప్పుకుంటే సగం నిజమే చెప్పినట్టవుతుంది. భువనగిరి కొండ మీద శిక్షణ, డార్జిలింగ్‌లో పర్వతారోహణ పాఠాలు, ఎంపిక చేసి పంపిన యంత్రాంగం, ఖర్చు భరించిన ప్రభుత్వం కలిస్తేనే ఆ సంకల్పానికి దారి దొరికింది.

మరోవైపు మన తరగతి గదుల్లో నేటికీ జరుగుతున్నదేమిటి? ఉపకార వేతనాల దరఖాస్తులు వచ్చినప్పుడు ‘ఎస్సీలు లేవండి, ఎస్టీలు లేవండి’ అని పిలిచే పద్ధతి ఇంకా పోలేదు. అది పిలిచే ఉపాధ్యాయుడికి అర నిమిషం పని. లేచి నిలబడే పిల్లవాడికి అది హర్దోయ్‌లో చేసిన ప్రకటనే. ఇంటర్ కార్పొరేట్ కళాశాలల్లో మార్కుల వారీగా సెక్షన్లు విడదీసి, పై సెక్షన్‌కు అనుభవమున్న అధ్యాపకుల్ని, కింది సెక్షన్‌కు కొత్తవారిని కేటాయిస్తే, కొన్నాళ్లకు ఆ సెక్షన్ పేరే పిల్లవాడి పేరవుతుంది. ఉన్నత విద్యాసంస్థల్లో ‘నీ ర్యాంకెంత?’ అన్న పలకరింపు వెనుక కులం ఆరా ఉంటుందని విద్యార్థులందరికీ తెలుసు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను సుఖదేవ్ థోరాట్ నేతృత్వంలోని కమిటీ 2007లోనే నమోదు చేసింది. ఆ తర్వాత 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం దేశాన్ని కుదిపింది. ఇన్ని జరిగాక కూడా, వెనుకబడిన విద్యార్థికి కౌన్సెలింగ్ ఇప్పిస్తే సరిపోతుందని సంస్థలు భావించడం బాధాకరం. కౌన్సెలింగ్ అవసరమే. కానీ తోటివారి, గురువుల తీరు వల్ల పుట్టిన అనుమానాన్ని ఆ విద్యార్థి ఒక్కడే తన మనసులోంచి తుడుచుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

మన పబ్లిక్ పరీక్షల్లో ఒక మంచి పద్ధతి ఉంది. పదో తరగతి, ఇంటర్ జవాబు పత్రాలు దిద్దేవారికి విద్యార్థి పేరు కనిపించదు. లాటరీ షరతు హర్దోయ్ పిల్లలకు ఇచ్చిన భరోసాను ఈ పద్ధతి కొంతవరకు ఇస్తుంది. అయితే ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్, మౌఖిక పరీక్షలు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలు దీనికి వెలుపల ఉండిపోయాయి. పేరు దాచగలిగిన ప్రతి రాత పనిలోనూ పేరు దాచాలి. దాచలేని మౌఖిక పరీక్షల్లో మార్కులు దేనికి ఎన్నో ముందే ప్రకటించి, వేసిన మార్కులకు కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఉపకార వేతనాల దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నప్పుడు, తరగతిలో కులం పేరుతో పిలవాల్సిన అవసరమే లేదు. ఆ పిలుపును నిషేధిస్తూ రెండు రాష్ట్రాల విద్యాశాఖలు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఇంటర్ బోర్డులు మార్కుల వారీ సెక్షన్ల విభజనపై తనిఖీలు జరిపి, ఏ సెక్షన్‌కు ఏ అధ్యాపకులు బోధిస్తున్నారో కళాశాలల నుంచి వివరాలు తెప్పించుకుని బహిరంగపరచాలి. వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఈ పనులు పూర్తి చేయడానికి కొత్త చట్టం గానీ, పెద్ద బడ్జెట్ గానీ అవసరం లేదు.