డార్క్ మోడ్ రొట్టె

భూమ్మీద అన్నిటికన్నా కష్టమైన కొలువు ఏదని ఎవరైనా నన్నడిగితే, ప్రోగ్రామర్ల సలహాల పెట్టెకు తాళంచెవి పట్టుకోవడం అంటాను. అనుభవం మీద చెబుతున్న మాట, కొట్టిపారేయకండి.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు కుర్రాళ్ళం కొందరం కలిసి, కోడింగ్ సందేహాలు తెలుగులో అడుక్కునేందుకు ఆన్‌లైన్లో ఒక చోటు పెట్టుకున్నాం. నెల్లూరు ట్రంకురోడ్డు పక్కన కారం దోసెల సాక్షిగా వ్యవస్థాపక సమావేశం జరిగింది. సర్వర్ ఒకరికి, డబ్బు లెక్కలు ఒకరికి అప్పగించారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి 'ఫీడ్‌బ్యాక్, ఫీచర్ రిక్వెస్టులు' అనే శాఖ, అంటే కొత్త సౌకర్యాలు కోరే అర్జీల పెట్టె, ఏకగ్రీవంగా నా పేర రాసేసి ఉంది. వినడానికి గంభీరంగా ఉందని ఒప్పుకున్నాను. తిట్లు తినడాన్నే ఇంగ్లీషులో అలా అంటారని తర్వాత తెలిసింది.

ఈ కొలువులో నేను కనిపెట్టిన మొదటి సంగతి ఇది. పొద్దున్నించీ క్లయింటు ఏ మార్పు అడిగినా "అది స్కోప్‌లో లేదండీ, మూడు వారాలు పడుతుంది" అని నిట్టూర్చే మనిషే, రాత్రి తొమ్మిది దాటాక నా దగ్గరికొచ్చి, "ఏంది సామీ, చేసేదానికి అరగంట పట్టదు, ఇంకా చెయ్యకపోతే ఎట్టా?" అంటాడు. వంటవాడు పెళ్ళికి పోతే పులుసులో ఉప్పు గురించి గొడవ పడడు, సాటివాడి కష్టం తెలుసు కాబట్టి. ప్రోగ్రామర్‌కి ఆ జాలి లేదు. సాటివాడి కష్టం ఖచ్చితంగా తెలుసు కాబట్టే అరగంట అని లెక్క కట్టి మరీ చెబుతాడు.

మొదటి అర్జీ డార్క్ మోడ్ కోసం, అంటే తెర నల్లగా, అక్షరాలు తెల్లగా కనపడేందుకు వచ్చింది. పెట్టింది కావలి సభ్యుడు. అమెరికా వాళ్ళ పగలు ఇతనికి రాత్రి. తెల్ల తెర చూసి చూసి కళ్ళు గుంజుతున్నాయన్నాడు. న్యాయమైన కోరికే. అయితే ఏ కోరికకైనా ఒక శాస్త్రం ఉంటుంది కదా. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు పొందే సైట్లలో పెద్దింటిదైన స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో పుడితే, అక్కడ డార్క్ మోడ్ 2020లో వచ్చింది. పన్నెండేళ్ళు, అంటే ఒక పుష్కరం. గోదావరికి పుష్కరం వచ్చినంత ఓపిగ్గా వేచి ఉండాలని కావలి సభ్యుడికి జవాబు రాశాను. "అప్పటికి నాకు శుక్లాలు వస్తాయన్నా" అని తిరిగి రాశాడు.

పెద్దింటి నుంచి నేను నేర్చుకున్న ఇంకో మంత్రం 'ఆరు నుంచి ఎనిమిది వారాలు'. ఫలానా ఫీచర్ ఎప్పుడొస్తుందని అడిగితే వాళ్ళు అలవాటుగా ఇచ్చే ఆ జవాబు, అక్కడి జనంలో పెద్ద పరాచికంగా స్థిరపడిపోయింది. ఎప్పట్నించి ఎనిమిది వారాలో చెప్పకపోవడంలోనే ఉంది మంత్రబలం. అదీకాక చేపల పులుసు మర్నాటికి గానీ రుచికి రాదని తెలిసిన జిల్లా మాది. అర్జీ కూడా అంతే, కొంచెం నాననివ్వాలి.

మంత్రాలు పనిచెయ్యని చోట పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళ దారి పట్టాను. ఆ భాషలో మీసాల బ్రాకెట్లు, అంటే 'బ్రేసెస్', పెట్టమని అడిగేవాళ్ళు ఎక్కువై కాబోలు, భాషలోనే జవాబు పొదిగేశారు. 'ఫ్యూచర్' మాడ్యూల్‌లోంచి 'బ్రేసెస్' దిగుమతి చేసుకోబోతే, 'నాట్ ఎ ఛాన్స్' అని ఎర్రర్ ఇస్తుంది. కుదరదు పో, అని. ఇంత సూటిగా మాట్లాడిన వాళ్ళని నేను మా పెద్దమ్మ తర్వాత వీళ్ళనే చూశాను.

ఇక పేరు గొడవ. మా చోటు పేరులో నెల్లూరు ఉంది, ఒంగోలు లేదు. ఒంగోలు సభ్యుడొకడు నాలుగు పేజీల అర్జీ పెట్టాడు. అందులో ప్రధాన సాక్ష్యం గిత్త. ఒంగోలు జాతి పశువుల్ని బ్రెజిల్ వాళ్ళు తోలుకుపోయి, పెంచి, కోట్లలోకి తెచ్చి, చివరికి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. "1970లో మాకు వేరే జిల్లా వచ్చింది, బ్రెజిల్‌లో మాత్రం పేరు మారలేదు. గిత్త మాది, పేరు మీది. ఇప్పుడు వెబ్‌సైటు కూడానా?" అని అతని ఆవేదన. చదివి కళ్ళు చెమర్చాయి. పేరు మారిస్తే పాత లింకులన్నీ తెగిపోతాయని, బ్రెజిల్ వాళ్ళు మార్చిన మర్నాడే మేమూ మారుస్తామని హామీ ఇచ్చాను.

అన్నిటికన్నా వేడి పుట్టించింది మైనస్ ఓటు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎవరి జవాబుకైనా మైనస్ కొడితే అవతలి వాడికి రెండు పాయింట్లు పోతాయి, కొట్టినవాడికీ ఒకటి పోతుంది. పగ తీర్చుకోవాలంటే చేతి చమురు వదలాలన్నమాట. కొట్టినవాడి పేరు మాత్రం బయటపెట్టరు. ఆ నియమమే మేమూ తెచ్చుకున్నాం. మావాళ్ళకు పాయింటు పోయిందన్న బాధ లేదు, కొట్టిందెవరో తెలియకపోతే నిద్ర పట్టదు. పేరు, ఊరు, వీలైతే ఫోన్ నంబరు చూపించాలని అర్జీ. ఇంకొకాయన, "ఇది తప్పకుండా మా బావ పనే, బావమరుదులకు ఒకరి మీద ఒకరికి మైనస్ కొట్టే హక్కు తీసెయ్యండి" అని కోరాడు. ఎవరు ఎవరికి ఏ వరస అవుతారో సభ్యులందరి దగ్గరా రాయించుకుని డేటాబేస్ కట్టాలి. అరగంట పనేనట.

మర్యాదల సంగతి మరీ సున్నితం. ప్రశ్నలో హాయ్, హలో, థ్యాంక్స్ అని రాస్తే ఆ పెద్దింట్లో చెరిపేస్తారు. విషయం ఒక్కటే మిగలాలని వాళ్ళ పద్ధతి. ఆ పద్ధతి మా దగ్గర అమలు చేసిన రోజున, "అన్నా, ఎట్టుండారు? పిల్లలు బాగుండారా? భోంచేశారా? నాకొక చిన్న డౌటు" అనే నాలుగు వాక్యాల ప్రశ్నలో 'డౌటు' అన్న మాటొక్కటే మిగిలింది. ఆ డౌటేమిటో అతను రాయనేలేదు. ముందు పలకరించి, అవతలి వాడు పలికాక చెబుదామనుకున్నాడట. 'ఇది ఇంతకుముందే అడిగారు' అని ఒకరి ప్రశ్న మూసేస్తే, "మా అమ్మ రోజూ అన్నం తిన్నావా అని అడుగుతాది. నిన్ననే అడిగావు గదా అని తలుపేస్తామా?" అని నిలదీశాడు. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

'నాక్కూడా' అనేవాళ్ళ గోల వేరు. ఒకడు అడగ్గానే కింద అరవై మంది 'నాక్కూడా అన్నా' అని రాస్తారు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైటులోనూ ఇదే తంటా. 2016 జనవరిలో, కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ వాళ్ళు ఈ 'ప్లస్ వన్' కామెంట్ల వరద గురించి బహిరంగ లేఖ రాస్తే, గిట్‌హబ్ వాళ్ళు మార్చిలో బొటనవేలి బొమ్మ ఇచ్చారు. మేమూ ఇచ్చాం. ఇప్పుడు బొటనవేలు నొక్కి, 'నొక్కానన్నా' అని కింద రాస్తున్నారు.

బగ్గులు, అంటే ప్రోగ్రాములో తప్పులు, ఎత్తి చూపేవాళ్ళకు నేను మా ఊరి పాత కథ ఒకటి చెబుతుంటాను. తిక్కన సోమయాజి భారతం తెనిగిస్తూ ఆగకుండా చెబుతున్నాడు, గురునాథుడు ఆగకుండా రాస్తున్నాడు. ఆగకూడదని ఒప్పందం. ఒకచోట పద్యం నడక తెగి, కవి దిక్కుతోచక, "ఏమి చెప్పుదుం గురునాథా?" అన్నాడట. గురునాథుడు అదీ రాసేశాడు. తీరా చూస్తే సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడే సందర్భం. 'కురునాథా' అన్న పిలుపే సంధిలో 'గురునాథా' అయి, పద్యం అచ్చంగా అతికింది. బగ్ కాదు, ఫీచర్ అన్న మాట ప్రపంచంలో మొదట పుట్టింది పెన్న ఒడ్డునే అని నా గట్టి నమ్మకం. అయితే లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదని చెప్పినవాడికి ఈ కథ చెప్పినప్పుడు అతను ఆనందించలేదు.

మరి అర్జీ త్వరగా కదలాలంటే ఏం చెయ్యాలి? దానికీ చరిత్రలో దాఖలా ఉంది. ఫోన్లలో మన ఒత్తులు, గుణింతాలు కుదురుగా కనపడేలా చెయ్యండని తెలుగువాళ్ళం ఏళ్ళ తరబడి వేడుకుంటే విన్నవాళ్ళు తక్కువ. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం, మధ్యలో కంటికి కనపడని చిన్న గుర్తుతో సహా, సందేశంగా వస్తే ఐఫోన్లో ఆ సందేశాల ఆప్ కుప్పకూలడం మొదలైంది. జ్ఞానంలో సగం అక్షరానికే తట్టుకోలేకపోయింది పాపం. సంగతి గుప్పుమన్న కొద్ది రోజుల్లోనే, అదే నెల 19న, దిద్దుబాటుతో ఐఓఎస్ 11.2.6 వచ్చేసింది. దండం పెడితే కదలని అర్జీ, పడగొడితే పరుగెత్తింది. ఈ చారిత్రక సత్యాన్ని మా సభ్యులతో పంచుకోవడం నా పొరపాటు. మర్నాడు మా సర్వర్ మూడుసార్లు పడింది.

ఇంతకీ డార్క్ మోడ్ ఇచ్చాను. పుష్కరం ఆగలేదు. మూడు రాత్రులు కూర్చుని, ఆ అరగంట పని పూర్తి చేశాను. కావలి సభ్యుడు చూసి, "నలుపు ఇంకొంచెం నలుపుగా ఉండాల" అన్నాడు. ఇంకొకరు ఎండలో కనపడ్డం లేదన్నారు. 'నాక్కూడా' అని అరవై మంది.

అప్పుడే నాకు రొట్టెల పండుగ గుర్తొచ్చింది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి, బారాషహీద్ దర్గాకు, ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, విదేశీ రొట్టె, ఏ కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె నీళ్ళలో నిలబడి తీసుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు అదే రొట్టె చేసి తెచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్ళ చేతిలో పెడతారు. అడిగినవాడు మళ్ళీ రావాలి, అదీ ఇచ్చేవాడిగా. ఇంతకన్నా శుభ్రంగా నడిచే ఫీచర్ రిక్వెస్టు పద్ధతి ఏ కంపెనీలోనైనా ఉంటే చూపించండి. వెంటనే నియమం రాశాను. డార్క్ మోడ్ అందుకున్న ప్రతివాడూ ఏడాది లోపల తిరిగొచ్చి, ఇంకొకరి బగ్ ఒకటి దిద్దాలి, లేదా కనీసం ఒక డౌటు తీర్చాలి. దీనికి డార్క్ మోడ్ రొట్టె అని పేరు కూడా పెట్టాను. నియమం మీద నలభై మూడు సవరణలు వచ్చాయి. రొట్టె ఒక్కటీ రాలేదు.

ఈసారి పండక్కి నేనే చెరువుకు పోయాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఆ తోపులాటలో, ఒక పెద్దావిడ చేట నిండా రొట్టెలు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏ రొట్టె కావాల నాయనా?" అంది.

"సలహాల పెట్టె వదిలించుకునే రొట్టె ఏమన్నా ఉందా అమ్మా?"

ఆమె చుట్టూ చూసి, పక్కనున్న ఇద్దరు ముగ్గుర్ని కూడా అడిగింది.

"ఆ కోరిక తీరినోళ్ళు ఎవరూ ఈ ఏడు రాలేదు నాయనా. విదేశీ రొట్టె ఉండాది, ఇయ్యనా?"

తీసుకుని తిన్నాను.