ఆ ఫ్రెంచ్ సీక్వెల్ దండగ సినిమా కాదు

"నడివయసు మగాళ్ళు పెళ్ళాలను మోసం చేసి తిరుగుతుంటే చూసి నవ్వుకోమనే సినిమా. అందులో ఆడవాళ్ళకు విలువే లేదు. మొదటిది ఆడింది కదా అని సొమ్ము కోసం రెండోది తీశారు. హాలీవుడ్ రీమేక్ చూస్తే చాలు." ఫ్రెంచ్ దర్శకుడు యీవ్ రోబేర్ 1976లో తీసిన 'ఎన్ ఎలెఫాం సా త్రోంప్ ఎనోర్మెమాం', 1977లో తీసిన దాని సీక్వెల్ 'ను జిరోం తూస్ ఓ పారాది' గురించి తరచూ వినిపించే మాటలివి. వీటిని నేను ఒప్పుకోను.

ముందు సొమ్ము సంగతి. సీక్వెల్ అంటే అదే కథను మళ్ళీ తిప్పి చెప్పడమని మనకో అనుమానం ఉంటుంది, అది సహజమే. కానీ ఇక్కడ దర్శకుడు, రచయిత జాం-లూ దబాదీ, నలుగురు స్నేహితులుగా వేసిన నటులు అందరూ వాళ్ళే అయినా కథ మాత్రం తలకిందులైంది. మొదటి సినిమాలో ఎతియెన్ (జాం రోష్‌ఫోర్) ఎర్ర గౌనులో కనిపించిన షార్లొట్ కోసం ఇంట్లో అబద్ధాల మీద అబద్ధాలు చెబుతాడు. రెండోదాంట్లో అతనికి భార్య మార్త్ ఎవరినో ముద్దు పెట్టుకుంటున్న ఫోటో దొరుకుతుంది. ఇక చూడండి, అంతకుముందు తాను చేసిందంతా మరిచిపోయి, కనబడిన ప్రతి మగాడినీ అనుమానిస్తాడు. తనకో న్యాయం, ఆమెకో న్యాయం. ఈ రెండు నాల్కల బుద్ధిని బయటపెట్టడానికి రెండో సినిమా కావాల్సిందే.

మోసాన్ని మెచ్చుకుంటున్నారన్న ఆరోపణ ఇంకా అన్యాయం. షార్లొట్ భర్త ఇంటికి వచ్చేసరికి ఎతియెన్ కిటికీ బయట గోడ అంచున, పైనుంచి కిందికి చూస్తూ నిలబడతాడు. కింద జనం, ఫైర్ సిబ్బంది. ఇందులో మెప్పు ఎక్కడుంది? అసలు కిటుకు అతని గొంతులో ఉంది. కథంతా ఎతియెనే గంభీరమైన, పుస్తకాల భాషలో వినిపిస్తుంటాడు. తాను హుందాగా, తెలివిగా ఉన్నానని అతను చెబుతుంటే తెర మీద అతను తెల్లబోయి కనిపిస్తాడు. మన నవ్వు అతని గొప్పల మీదే. దబాదీ రచనలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆడవాళ్ళ విషయంలో కొంత నిజముంది. మొదటి సినిమాలో షార్లొట్ అందంగా కనిపించడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. కానీ మార్త్ అలా కాదు. పిల్లలు ఎదిగాక ఆమె మళ్ళీ చదువుకు వెళ్తుంది. ఆ పాత్ర వేసిన దానియెల్ దెలోర్మ్ దర్శకుడి భార్య కూడా. ఆ నలుగురు స్నేహితుల్లో ఒకడైన బూలీ భార్య అయితే అతని తిరుగుళ్ళు భరించలేక ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. ఇక మరో స్నేహితుడు సీమోం తల్లి మూషీ! అల్జీరియా నుంచి వచ్చిన యూదు తల్లి, డాక్టరైన కొడుకును చిన్నపిల్లాడిలా తిట్టిపోస్తుంది. ఆ పాత్ర వేసిన మార్త్ విలలోంగా, కొడుకుగా వేసిన గీ బెదోస్ కన్నా రెండేళ్ళే పెద్దదంటే నమ్మలేం. రెండో సినిమాలో మూషీ చనిపోయినప్పుడు అప్పటిదాకా నవ్విన మనకే గొంతు పట్టేస్తుంది. ఉత్త సొమ్ము కోసం తీసేవాళ్ళు అందరికీ నచ్చిన పాత్రను అలా పోగొట్టుకోరు.

నలుగురూ కలిసి టెన్నిస్ కోర్టున్న ఇల్లు చవగ్గా కొనే ఘట్టం కూడా రెండోదాంట్లోనిదే. చూడటానికి వెళ్ళినరోజు విమానాల సమ్మె. చేరాక తెలుస్తుంది, నెత్తి మీదుగానే విమానాలు దిగుతాయని.

చివరిగా రీమేక్. జీన్ వైల్డర్ 1984లో తీసిన 'ద ఉమన్ ఇన్ రెడ్'ను, అందులో ఆస్కార్ తెచ్చుకున్న స్టీవీ వండర్ పాటను మనవాళ్ళలో చాలామంది ఎరుగుదురు. కానీ హాలీవుడ్ తీసుకున్నది మొదటి కథనే. మార్త్ ఫోటో, ఎతియెన్ అనుమానం, మూషీ మరణం ఏవీ అందులో ఉండవు. అందుకే ఫ్రెంచ్ సినిమాలు రెండూ వరుసగా చూడమంటాను, ఎతియెన్ చెప్పిన అబద్ధాలు ఇంకా గుర్తుండగానే.