వెయ్యి ఫారడ్ల గారడీ

గ్రాముకు వెయ్యి ఫారడ్లు, రెండు వేల ఫారడ్లు. ఛార్జిని చకచకా దాచి, తిరిగిచ్చే పరికరాలు సూపర్ కెపాసిటర్లు; ఒక వోల్టుకు ఎంత ఛార్జి దాస్తాయో చెప్పే కొలత ఫారడ్. వాటి మీద వచ్చే పరిశోధన పేపర్లలో ఈ అంకెలకు ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. బజార్లో దొరికే కెపాసిటర్లలో మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఉండేది యాక్టివేటెడ్ కార్బనే. అది ఇచ్చేది గ్రాముకు వంద ఫారడ్లు, అటూ ఇటుగా. లోపం పరిశ్రమది కాదు, మన పరిశోధకుల తూకానిది.

ఎలక్ట్రోడ్లకు వాడే నికెల్ కోబాల్టైట్ (నికెల్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్) సంగతే చూడండి. నికెల్, కోబాల్ట్ నైట్రేట్లను 1:2 మోల్స్ చొప్పున యూరియాతో నీళ్లలో కలుపుతారు. ఆమ్లంతో కడిగిన నికెల్ ఫోమ్ (స్పాంజిలాంటి లోహం) ముక్కను అందులో వేసి, ఆటోక్లేవ్‌లో, అంటే మూత బిగించిన పీడన పాత్రలో, 120 డిగ్రీల దగ్గర 6 గంటలు ఉంచుతారు. తర్వాత 350 డిగ్రీల దగ్గర 2 గంటలు కాలిస్తే ఫోమ్ నిండా నానో సూదులు. మైక్రోస్కోపు ఫొటో ముచ్చటగానే ఉంటుంది. ఇక తూకం. ముందూ వెనకా తూచి, ఆ తేడానే పదార్థం బరువంటారు. అది చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే, మోసే ఫోమ్ 35 మిల్లీగ్రాములు! అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడన్నమాట. పైగా ఆటోక్లేవ్‌లో ఫోమ్ నికెల్ కొంత కరుగుతుంది. కరిగినకొద్దీ తూకంలో తేడా తగ్గుతుంది, ఫారడ్ల అంకె లేస్తుంది. ఇక పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ముంచాక ఫోమ్ ఉపరితలమే హైడ్రాక్సైడ్‌గా మారి ఛార్జి దాస్తుంది. ఆ జమ కూడా సూదుల ఖాతాలోకే. లవణాలు వేయకుండా అదే వేడిలో ఉడికించి కాల్చిన ఖాళీ ఫోమ్‌ను పక్కన పెట్టి కొలిస్తే బండారం బయటపడుతుంది. చాలా పేపర్ల గ్రాఫుల్లో ఆ ఖాళీ ఫోమ్ గీతే కనపడదు.

లెక్క వేద్దాం. ఒక మిల్లీగ్రాము సూదులు, గ్రాముకు వెయ్యి ఫారడ్లు: చదరపు సెంటీమీటరుకు 1 ఫారడ్. వాణిజ్య ఎలక్ట్రోడ్‌లో అంతే చోట 10 మిల్లీగ్రాముల కార్బన్, గ్రాముకు వంద: అదీ 1 ఫారడే. ఫోమ్ బరువు కలిపితే మన వెయ్యి కాస్తా 28కి పడిపోతుంది. పలుచటి పూత మీద వచ్చిన అంకెను పరికరానికి అంటగట్టొద్దని ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్తలు గొగోట్సీ, సిమోన్ 2011లోనే హెచ్చరించారు.

ఫారడ్ అనడమే తప్పు కూడా. కెపాసిటర్ ఖాళీ అవుతుంటే వోల్టేజి తిన్నగా దిగాలి; ఆ డిశ్చార్జి గీత తిన్నగా దిగకుండా మధ్యలో చదునుగా ఆగిందంటే అది బ్యాటరీ స్వభావం. అర వోల్టు పరిధిలో వెయ్యి ఫారడ్లంటే గ్రాముకు 139 మిల్లీఆంపియర్ అవర్లు. అలాగే రాయాలి.

పదార్థం సహజ గుణం తెలియాలంటే పలుచటి పూతే మేలన్న వాదన ఉంది. నిజమే. అలాంటప్పుడు ఆ అంకెతో బ్యాటరీలను ఓడించినట్టు చార్టులు గీయడం దేనికి?

గీస్తున్నది ఎందుకో అందరికీ తెలుసు. పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరన్న నిబంధనను యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022లో తీసేసింది. అధ్యాపకుల ప్రమోషన్ల స్కోరు, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు మాత్రం పేపర్లను లెక్కపెడుతూనే ఉన్నాయి. ఖాళీ ఫోమ్ గీత పెట్టి, అంకెను సగానికి దించుకున్న విద్యార్థికి ఆ పట్టికల్లో ఒక్క మార్కూ రాదు. కనీసం థీసిస్ పరీక్షకులైనా మూడు అడగాలి: చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? ఖాళీ ఫోమ్ ఎంత ఇచ్చింది? అసలు పరికరంలాంటి రెండు ఎలక్ట్రోడ్ల సెల్‌లో ఎంత మిగిలింది? జవాబు లేకపోతే సంతకం ఆపాలి.