బాండ్ గారి మడి, ఆచారం

జేమ్స్ బాండ్ విషయంలో ఇక ఉపేక్షించి లాభం లేదు. 1962లో ‘డాక్టర్ నో’తో మొదలై 2021లో ‘నో టైమ్ టు డై’ దాకా 25 చిత్రాలుగా, ఆరుగురు నటుల మీదుగా సాగివచ్చిన పరంపరను మళ్ళీ కొత్తగా మొదలుపెట్టబోతున్నారు. 2025 ఫిబ్రవరిలో సృజనాత్మక పగ్గాలు ఇన్నాళ్ళూ ఈ చిత్రాలు నిర్మించిన బ్రాకలీ కుటుంబం చేతుల్లోంచి అమెజాన్ చేతుల్లోకి వెళ్ళాయి. ఆ వార్త తడి ఆరకముందే సంస్థ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ ‘తర్వాతి బాండ్‌గా ఎవరైతే బాగుంటుంది?’ అని లోకాన్నే అడిగేశారు. అడగడమే తరువాయిగా కాచుకుని కూర్చున్న లోకం మొహమాటపడలేదు. హెన్రీ కావిల్ అని కొందరు, ఆ పేరు మళ్ళీ ఎత్తవద్దని కొందరు.

జూన్‌లో దర్శకుడిగా డెనీ విల్నువ్ పేరు ప్రకటించారు. చిన్నప్పుడు తండ్రితో కలిసి ఈ చిత్రాలు చూశానని, బాండ్ తనకు పవిత్ర క్షేత్రమని ఆయన వినయంగా చెప్పుకున్నారు. కొందరు అభిమానులు కళ్ళు ఒత్తుకున్నారు. ‘డ్యూన్’ పేరుతో ఎడారి గ్రహం మీద రెండు భారీ చిత్రాలు తీసిన మనిషి చేతిలో పడితే బాండ్ నవ్వడం మరిచిపోతాడేమోనని మరికొందరు బెంగపెట్టుకున్నారు.

ఈ వ్యాసకర్తది ఏ పక్షమో ముందే చెప్పడం మర్యాద. నేను కరడుగట్టిన సంప్రదాయవాదిని. బాండ్ మడి కట్టుకుని ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. జుట్టు, తుపాకి, పానీయం, చావు లేకపోవడం, ఇవన్నీ ఎప్పటిలాగే ఉండాలి. ఆ ‘ఎప్పటి’ అన్నది ఏ సంవత్సరమో తేల్చేస్తే సమస్య తీరిపోతుంది. అందుకోసమే పాత దస్త్రాలు తిరగేశాను.

ముందుగా జుట్టు. 2005 అక్టోబరు 14న లండన్‌లో డేనియల్ క్రెయిగ్‌ను థేమ్స్ నది మీద నౌకాదళం వారి పడవలో తీసుకొచ్చి, కొత్త బాండ్ ఈయనేనని పత్రికల వారికి చూపించారు. చూసినవారికి రెండు ఘోరాలు కనబడ్డాయి. ఒకటి, బంగారు రంగు జుట్టు. రెండు, సూటు మీద లైఫ్ జాకెట్. మృత్యువుతో చెలగాటమాడే మనిషి నది దాటడానికి లైఫ్ జాకెట్ తొడుక్కుంటాడా అని ఎగతాళి చేశారు. చిత్రం విడుదల కాకముందే దాన్ని బహిష్కరించాలంటూ ఒక వెబ్‌సైటే వెలిసింది. బాండ్ జుట్టు నల్లగా ఉండాలన్నది అభిమానుల తీర్పు.

తీర్పు న్యాయమైనదే. అయితే మూలపురుషుడి జుట్టు సంగతి చూద్దామని వెనక్కి వెళితే, బాండ్ వేషంలో షాన్ కానరీ నెత్తిన ఉన్నది విగ్గు. అంటే శాస్త్రప్రకారం జుట్టు నల్లగా ఉండడమే ప్రధానం, అది బాండ్‌ది కావడం ప్రధానం కాదు. పోనీ రోజర్ మూర్? ఆయన జుట్టు నల్లనిదని ప్రమాణం చేసి చెప్పగలవారు ముందుకు రావాలి. 1973 నుంచి 1985 దాకా ఏడు చిత్రాలు ఆ జుట్టుతోనే నెట్టుకొచ్చినా ఎవరూ గమనించలేదు. అందరి దృష్టీ ఆయన పైకెత్తిన కనుబొమ్మ మీదే ఉండిపోయింది కాబోలు.

అసలు కానరీ ఎంపికే మొదటి అపచారం. సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్‌కే ఆయన మొదట్లో నచ్చలేదు, మరీ మోటుగా ఉన్నాడనుకున్నారు. చిత్రం ఆడాక మనసు మార్చుకుని, 1964లో వచ్చిన నవలలో బాండ్ తండ్రిని స్కాట్లాండ్ వాడిగా రాశారు. నటుడి ఊరిని బట్టి పాత్రకు వంశవృక్షం నాటారన్నమాట. కల్తీ కేసులో మొదటి ముద్దాయి రచయితే అని తేలింది గానీ, ఆయన ఆ ఏడాదే కాలం చేయడంతో విచారణ ముందుకు సాగలేదు.

ఇక తుపాకి. వాల్తర్ పీపీకే లేని బాండ్‌ను ఊహించలేమని అంటాం. తొలి నవలల్లో అతని దగ్గర ఉన్నది చిన్న బెరెట్టా. 1956లో గ్లాస్గో నుంచి జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు ఫ్లెమింగ్‌కు ఉత్తరం రాశాడు. మీ బాండ్ అంటే నాకు ఇష్టమే గానీ అతని ఆయుధాలు మాత్రం బాగాలేవు, ఆ బెరెట్టా ఆడవాళ్ళ తుపాకి అన్నది దాని సారాంశం. ఇలాంటి ఉత్తరాన్ని ఏ రచయితైనా చింపి పారేస్తాడు. ఫ్లెమింగ్ పారేయలేదు. 1958 నాటి ‘డాక్టర్ నో’ నవలలో బాండ్ దగ్గర బెరెట్టా లాక్కుని పీపీకే చేతిలో పెట్టించారు. పెట్టిన ఆయుధాల అధికారికి మేజర్ బూత్‌రాయిడ్ అని పేరు కూడా పెట్టారు. సినిమాల్లో వింత వింత పరికరాలు అందించే క్యూ ఆయనే.

ఆలోచిస్తే వణుకు పుడుతుంది. మనం ప్రాణం పెట్టి కాపాడుతున్న తుపాకి, అప్పట్లో ఒక అభిమాని అలిగి మార్పించిన తుపాకి. ఈ ఒక్క ఉత్తరం చేసిన హాని అంతా ఇంతా కాదు. ఆనాటి నుంచి ప్రతి అభిమానీ తన ఫిర్యాదు కోసం ఎక్కడో ఒక ఫ్లెమింగ్ కలం మూత తీసుకుని ఎదురుచూస్తున్నాడని నమ్ముతున్నాడు. 1997లో పీపీకే తీసేసి పీ99 ఇచ్చినప్పుడు నాలాంటివారి మనసు చివుక్కుమంది. 1958లో జరిగితే సంప్రదాయం, 1997లో జరిగితే సంప్రదాయ భంగం. మధ్యలో గీత ఎక్కడ గీయాలో నిర్ణయించడానికి ఒక కమిటీ వేస్తే మంచిది.

తుపాకి గొట్టంలోంచి చూస్తుండగా బాండ్ నడిచివచ్చి, చటుక్కున తిరిగి కాల్చే ఆరంభ దృశ్యం మరో పవిత్ర వస్తువు. దాన్ని ‘స్కైఫాల్’లో చివరకు నెట్టేశారని అభిమానులు అలిగితే ‘స్పెక్టర్’లో మళ్ళీ ముందుకు తెచ్చారు. ‘డాక్టర్ నో’లో ఆ గొట్టం ముందు నడిచింది కానరీ కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్ మాస్టర్. విగ్గు సంగతి బయటపడ్డాక ఇది పెద్ద దెబ్బ అనిపించలేదు.

1969లో జార్జ్ లాజెన్‌బీ వచ్చాడు. ఒక్క చిత్రంలోనే బాండ్‌కు పెళ్ళి చేశారు, అదే రోజు భార్యను చంపేశారు, అతని గుండె పగలగొట్టారు. కానరీ లేని బాండ్ ఏమిటని పెదవి విరిచారు. ఇప్పుడు అభిమానుల్లో పెద్ద తలకాయలు మొత్తం పరంపరలో ఉత్తమ చిత్రాల గురించి మాట్లాడితే ముందుగా ఎత్తేది దాన్నే. 1989లో తిమొతీ డాల్టన్ మరీ కోపిష్టి అన్నారు, రక్తం ఎక్కువైందన్నారు. క్రెయిగ్ అంతకంటే కోపంగా వచ్చాక, డాల్టన్ ఆ పని ఎప్పుడో చేశాడని గుర్తు తెచ్చుకుని నిట్టూర్చారు. పదవిలో ఉన్నంతకాలం తిట్లు, దిగిపోయాక దండలు. ఇంత నిలకడగా పాటిస్తున్న ఆచారం ఈ పరంపరలో మరొకటి నాకు దొరకలేదు.

బాండ్ చావు మాటకొస్తే, 2021లో క్షిపణులు వచ్చి పడి అతను నిజంగానే పోయాడు. అరవై ఏళ్ళలో ఎన్నడూ లేని అరిష్టమని గుండెలు బాదుకున్నవారిలో నేనూ ఉండేవాడినే. కానీ ఫ్లెమింగ్ 1957లోనే ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ నవల చివర బాండ్‌ను విషం ఎక్కించి నేల మీద పడేసి, పుస్తకం మూసేశారు. మరుసటి సంవత్సరం బతికించుకున్నారు. 1964 నవలలో ఏకంగా పత్రికలో సంస్మరణ వార్తే వేయించారు. అభిమానులకు షాకివ్వడంలో సినిమావాళ్ళకు గురువు ఆయనే. ఆ గురుభక్తితోనే కావచ్చు, ‘నో టైమ్ టు డై’ చివర, హీరో బూడిదైన తర్వాత కూడా, జేమ్స్ బాండ్ తిరిగి వస్తాడని హామీ వేశారు.

ఆ చిత్రంలోనే 007 నెంబరును నటి లషానా లించ్ పోషించిన పాత్రకు ఇవ్వడం మరో రచ్చ. విషయం చాలా చిన్నది. బాండ్ ఉద్యోగం మానేసి, ఐదేళ్ళుగా పత్తా లేకుండా జమైకాలో చేపలు పట్టుకుంటున్నాడు. ఖాళీ అయిన పోస్టులో మరొకరిని వేశారు. ఏ కలెక్టరాఫీసులోనైనా ఇదే జరుగుతుంది. అభిమానుల కోరిక మాత్రం వేరు. కుర్చీ వెనుక బాండ్ గారి తువ్వాలు అలాగే వేసి ఉంచాలి, బల్ల మీద ఆయన కళ్ళద్దాల పెట్టె కదపకూడదు, ఎవరైనా వచ్చి అడిగితే ‘సారు ఇప్పుడే టీకి వెళ్ళారు’ అని చెప్పాలి. 1995లో నటి జూడీ డెంచ్‌ను బాండ్ పై అధికారి ‘ఎం’ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడూ కొందరికి మింగుడుపడలేదు. బాండ్ పనిచేసే బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 నిజజీవితంలో 2025లో తొలిసారి ఒక మహిళను అధిపతిగా నియమించింది. సినిమా చూసి నేర్చుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి 30 ఏళ్ళు పట్టింది.

ఈ విషయంలో తెలుగువారు ప్రపంచానికి దారి చూపగలిగి ఉండేవారు. 1966లో ‘గూఢచారి 116’తో కృష్ణ ఆంధ్రా జేమ్స్ బాండ్ అయ్యారు. 1971లో 777, 1989లో 117. నెంబర్లు ఇలా పైకీ కిందికీ తిరుగుతున్నా ఒక్క తెలుగు అభిమానీ గూఢచారి సర్వీసు రిజిస్టరు చూపించమని అడగలేదు. 116 నుంచి 117కు చేరడానికి 23 ఏళ్ళు పట్టడం కూడా సహజమే, ప్రభుత్వోద్యోగంలో ఇంక్రిమెంట్లు అలాగే వస్తాయి. ఇంగ్లండులో గూఢచారి అలాగే ఉండి నటుడు మారతాడు. మన దగ్గర నటుడు అలాగే ఉండి గూఢచారి మారతాడు. గొడవపడాలంటే మనకు వేరే హీరో అభిమానులు ఉండనే ఉన్నారు, పాత్ర దాకా వెళ్ళే తీరిక ఎక్కడిది?

భారతదేశం తన వంతు సంస్కరణ కూడా చేసింది. 2015లో ‘స్పెక్టర్’ ఇక్కడికి వచ్చినప్పుడు సెన్సారు బోర్డు బాండ్ ముద్దులను సగానికి సగం కత్తిరించింది. మనుషులను చంపడానికి లైసెన్సు ఉన్నవాడికి ముద్దుకు మాత్రం అర లైసెన్సు ఇచ్చారు. సంస్కారీ జేమ్స్ బాండ్ అని దేశమంతా నవ్వుకుంది. నా దృష్టిలో మడి అన్న మాటను అక్షరాలా అమలు చేసిన సంస్థ ప్రపంచంలో అదొక్కటే.

2025 అక్టోబరులో మాత్రం ఒక అద్భుతం జరిగింది. అమెజాన్ వారి ప్రైమ్ వీడియోలో పాత బాండ్ చిత్రాల పోస్టర్ బొమ్మల్లోంచి తుపాకులు చెరిపేశారు. తుపాకి పట్టుకోవాల్సిన చేతులు ఖాళీగా మిగిలాయి. దశాబ్దాలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని కానరీ వర్గం, మూర్ వర్గం, డాల్టన్ వర్గం, క్రెయిగ్ వర్గం ఒక్క గొంతుతో గర్జించాయి. సంస్థ వెనక్కి తగ్గింది. తుపాకులైతే తిరిగి ఇవ్వలేదు, తుపాకి కనిపించని వేరే బొమ్మలు తెచ్చి పెట్టింది. ఐక్యత కొద్దిరోజులు నిలిచింది. ఆ తర్వాత డాల్టన్‌కూ క్రెయిగ్‌కూ మధ్య బాండ్ అయిన పియర్స్ బ్రాస్నన్‌ను అసలు లెక్కలో వేసుకోవాలా అన్న చర్చ మొదలైంది.

విల్నువ్ గారికి నా విన్నపాలు కొద్దిపాటివి. కొత్త బాండ్ కొత్తగా ఉండాలి, కానీ కొత్తవాడిలా ఉండకూడదు. హాస్యం ఉండాలి, మూర్ గారి కాలంలో ఉన్నంత ఉండకూడదు. బాధ ఉండాలి, క్రెయిగ్ పడినంత పడకూడదు. కథ నేటి కాలానికి సరిపోవాలి, కారు మాత్రం 1964 నాటిదే కావాలి. నటుడి ఎంపిక విషయంలో నా వైపు నుంచి ఆలస్యం ఉండదు. ఈయన బాండ్‌గా బొత్తిగా పనికిరాడని వివరంగా ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి, స్టాంపు అంటించి సిద్ధంగా ఉంచాను. పేరు రాయాల్సిన చోట కాస్త ఖాళీ వదిలాను, అంతే.